కారు కింద కవర్ ఊడింది: 16 రోజుల నా అనుభవం

2025 సెప్టెంబర్ 7, ఆదివారం. మధ్యాహ్నం రెండున్నర అవుతోంది. రామాయంపేట దాటి చేగుంట వైపు వస్తున్నాం. వెనక సీట్లో అమ్మా నాన్నా, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, బట్టల మూటలు. ఆ రాత్రి చంద్రగ్రహణం. చీకటి పడకముందే ఇల్లు చేరి, వండుకుని తినేసి గిన్నెలు కడిగేసుకోవాలని అమ్మ తొందర. స్పీడు 70 దాటగానే కారు కింద నుంచి టపటపమని చప్పుడు మొదలైంది.

"టైరు చూడురా" అన్నాడు నాన్న. పక్కకు ఆపి నాలుగు టైర్లూ చూశాను. బాగానే ఉన్నాయి. మళ్లీ బయల్దేరాం. 40 మీద పోతే చప్పుడు లేదు, 60 దాటితే మళ్లీ అదే. ఇంకో రెండు కిలోమీటర్లు పోయేసరికి టపటప పోయి గరగరమని రోడ్డు మీద ఏదో ఈడ్చుకుపోతున్న చప్పుడు వచ్చింది. కాలిన ప్లాస్టిక్ వాసన కూడా వచ్చినట్టు అనిపించింది. నా గుండె ఆగినంత పనైంది. వెనక ఇద్దరు పెద్దవాళ్లు, పక్కనుంచి లారీలు. హజార్డ్ లైట్లు వేసి బాగా ఎడమకు ఆపేశాను.

రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని వంగి చూస్తే, ముందు బంపర్ కింద నుంచి నల్లటి ప్లాస్టిక్ పలక ఒకటి నాలుకలా వేలాడుతోంది. దాని ముందు అంచు రోడ్డుకు రాసుకుని అరిగిపోయి కత్తిలా పలచబడింది. ఇంజన్‌లోంచి ఏదో ఊడిపోయిందనుకున్నాను. చెయ్యి పెట్టి చూస్తే వేళ్లకు బురద నీళ్లే అంటుకున్నాయి, ఆయిల్ కాదు. అది తెలిశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అసలు ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలి. ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి మీద పడ్డ వాన అందరికీ తెలిసిందే. మా ఊరు కామారెడ్డికి దగ్గర్లోనే. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అమ్మా నాన్నా మా చిన్నాన్న వాళ్ల మేడ మీద వారం రోజులు తలదాచుకున్నారు. రోడ్లు కాస్త కుదుటపడ్డాక, సెప్టెంబర్ 6న నిమజ్జనం సెలవు రోజు తెల్లవారుజామున ఐదింటికే హైదరాబాద్‌లోని సుచిత్ర నుంచి బయల్దేరి వెళ్లాను. హైవే వరకు ఇబ్బంది లేదు. ఊళ్లోకి మలుపు తిరిగాక ఒక కల్వర్టు కొట్టుకుపోయింది. దాన్ని మొరం పోసి పూడ్చారు. దాని మీద ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడింది, మధ్యలో మట్టి గట్టులా లేచింది. చక్రాలు గాడిలో పడితే పొట్ట గట్టుకు తగులుతుంది. పోయేటప్పుడే గర్రుమని రాసుకుంది. ఊళ్లో దిగి వంగి చూస్తే ఏమీ కనబడలేదు, సరేలే అనుకున్నాను.

మర్నాడు వచ్చేటప్పుడు కారు నిండా మనుషులు, సామాను. ఒక్కడినే పోయినప్పటి కంటే కారు కిందికి దిగి ఉంది. ఆ గట్టుకు ఈసారి గట్టిగా తగిలింది. దాని తర్వాత రోడ్డుకు అడ్డంగా సగం చక్రం లోతు నీళ్లు. మధ్యలో ఆగిపోతుందన్న భయంతో కాస్త వేగంగానే దాటించాను. అది తప్పని తర్వాత మెకానిక్ చెప్పాడు. నీళ్లలో వేగంగా పోతే ఎదురయ్యే నీటి తోపుడంతా ఇంజన్ కింద ఉండే ఆ ప్లాస్టిక్ కవర్ మీదే పడుతుంది. అప్పటికే వదులుగా ఉంటే అదే చింపేస్తుంది.

రోడ్డు పక్కన ఉన్న నా దగ్గరికి బైక్ మీద పోతున్న ఒకాయన ఆగి, కిలోమీటరు ముందుకు పోతే పంక్చర్ షాపు ఉందని చెప్పాడు. పదిహేను స్పీడులో, గరగరమంటూనే అక్కడికి చేరాం. ఇలా ఈడ్చుకుంటూ నడపడం మంచిది కాదు. ముందు అంచు రోడ్డులో ఎక్కడైనా తట్టుకుంటే పలక మడత పడి చక్రం కిందికి పోతుంది. నాకు ఆ సమయంలో వేరే దారి కనబడలేదు.

పంక్చర్ షాపు పెద్దాయనకు అరవై ఏళ్లు ఉంటాయి. వంగి చూసి "ఏం కాదు బిడ్డా, కింద షీల్డు ఊడింది, అంతే" అన్నాడు. ఆ ఒక్క మాటకు అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జాకీ పెట్టి లేపాడు. లేపాక కారు కిందికి దూరకుండా, ముందు మా స్టెపినీ టైరు తీయించి పక్కనుంచి కారు కిందికి దొర్లించి పడుకోబెట్టాడు. జాకీ జారినా కారు టైరు మీద ఆగుతుందట. ఈ జాగ్రత్త చూసి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. డిక్కీలో నైలాన్ తాడు ఉంటే ఇచ్చాను. వద్దన్నాడు. పక్కనే సైలెన్సర్ పైపు, ఆ వేడికి తాడు కరిగిపోతుంది. బైండింగ్ వైరు తెచ్చి మూడు చోట్ల గట్టిగా మెలిపెట్టి కట్టాడు. ఇరవై ఐదు నిమిషాల పని. వంద రూపాయలు అడిగాడు. యాభైకి మించి పోవద్దని రెండుసార్లు చెప్పాడు.

అక్కడి నుంచి సుచిత్ర దాకా సుమారు యాభై కిలోమీటర్లు, ప్రతి గతుకుకూ చెవులు రిక్కించుకునే వచ్చాను. ఐదుంబావుకు ఇల్లు చేరాం. అమ్మ అనుకున్నట్టే పొద్దు గూకకముందే తినేసింది.

సెప్టెంబర్ 8, సోమవారం. మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. వైర్లు కోసి కవర్ దించగానే దాని మీది నుంచి అర బకెట్ బురద, మూడు గడ్డి పోచల ఉండలు, పిడికిలంత రాయి ఒకటి కింద పడ్డాయి. ఇంత బరువును ఆ పలచటి ప్లాస్టిక్ మోసిందా అని నాకు ఆశ్చర్యం వేసింది. కవర్ ముందు భాగం అడ్డంగా చిరిగింది. కుడి చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్ కూడా, ఆ కవర్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, అడుగున చిరిగి టైరుకు రాసుకుంటోంది. ఇది నేను గమనించనే లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు సర్రుమనే చప్పుడు దానిదే.

ఇంజన్ ఆయిల్ నిలిచే గిన్నె, అంటే ఆయిల్ సంప్ మీద గీత పడింది కానీ కారడం లేదు. మెకానిక్ గుడ్డతో తుడిచి, రాత్రి కారు కింద పాత న్యూస్‌పేపర్ పరిచి, పొద్దున్నే చూడమన్నాడు. చూశాను. ఒక్క చుక్క లేదు. ఇది ఎవరైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఏసీ వేసుకుని వచ్చి ఆపితే మాత్రం కాసేపు నీళ్లు పడతాయి, వాటిని చూసి కంగారుపడొద్దు.

"తీసి పడేద్దాం అన్నా, ఏం కాదు. క్యాబ్‌ల వాళ్లు చాలామంది తీసేసే తిప్పుతారు" అన్నాడు మెకానిక్. నాకు మనసు ఒప్పలేదు. కంపెనీ వాళ్లు ఊరికే పెట్టి ఉండరు కదా. చివరికి, కొత్తది వచ్చేదాకా ఉండేట్టు, చిరిగిన చోట వేడి సూదితో బొక్కలు చేసి వైరుతో కుట్టాడు. 400 తీసుకున్నాడు. ముందు భాగం రెండు చోట్ల మాత్రం తునిగి పోయింది కాబట్టి అక్కడ ఖాళీ మిగిలిపోయింది.

ఆ ఖాళీ విలువ నాలుగు రోజుల్లో తెలిసింది. ఒక సాయంత్రం పెద్ద వాన. రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి నెమ్మదిగానే పోయాను. అవతలికి రాగానే బానెట్‌లోంచి కీచుమని అరుపు, డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోయింది. ఆల్టర్నేటర్ తిప్పే బెల్టు తడిసి జారింది. కవర్ సరిగా ఉన్న ఇన్నేళ్లలో అంత వానలోనూ ఇలా ఎప్పుడూ కాలేదు. ఆ రోజు ఇంటికి చేరేదాకా చాలా టెన్షన్ పడ్డాను. "తీసేసినా ఏం కాదు" అనే వాళ్లకు నేను చెప్పేది ఇదే.

సెప్టెంబర్ 10, బుధవారం. ఒంటిపూట సెలవు పెట్టి తొమ్మిదింబావుకే సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కారు ర్యాంప్ ఎక్కేసరికి పదకొండున్నర. ఎస్టిమేట్ చేతికొచ్చేసరికి పన్నెండు దాటింది. మొత్తం 11,400. చూడగానే నీరసం వచ్చింది. ఒక్కొక్కటీ చెప్పమని అడిగాను. కింద కవర్ 2,650, కుడి లైనర్ 1,480, క్లిప్పులు ఒక్కోటి 28 చొప్పున 22 కలిపి 616, లేబర్ 1,400. ఇక్కడికి 6,146. మిగతాది బంపర్ మార్చి రంగు వేయడానికి. బంపర్ పగల్లేదు, కింది అంచున గీతలు పడ్డాయంతే, వంగితే తప్ప కనబడవు. అది వద్దన్నాను. సలహాదారు కుర్రాడు మర్యాదగానే కొట్టేశాడు. మీకు ఇచ్చిన కాగితంలో ఏది ఊడింది, ఏది గీసుకుంది అని ర్యాంప్ కింద నిలబడి ఒక్కో వరుసా అడగండి.

"ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, క్లెయిమ్ వేద్దాం" అన్నాడు. ఇక్కడ నేను కాసేపు పక్కన కూర్చుని ఫోన్‌లో లెక్క వేసుకున్నాను. మాది 1200 సీసీ కారు. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి మనమే పెట్టుకోవాలి. నా పాలసీలో జీరో డెప్, అంటే పాతబడిన సామానుకు విలువ కోయకుండా ఇచ్చే అదనపు కవర్ లేదు. అది లేకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో సగమే ఇస్తారు. నా సామాన్లు మూడూ ప్లాస్టిక్కే. అంటే 4,746లో సగం 2,373, పైన వెయ్యి, కలిపి 3,373 నేను కట్టాలి. కంపెనీ ఇచ్చేది 2,773. కానీ క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నాకు పడిపోతుంది. ఇప్పుడు నాకు 35 శాతం నడుస్తోంది, డిసెంబర్ రెన్యువల్‌కు 45 అవుతుంది. సొంత కారు డ్యామేజీ ప్రీమియం 7,400 మీద 45 శాతం అంటే 3,330. ఆ ఒక్క ఏడాదిలోనే వచ్చేదాని కంటే పోయేది ఎక్కువ. పైగా ఆ తర్వాతి ఏడాది కూడా మళ్లీ 20 శాతం దగ్గర మొదలుపెట్టాలి. వద్దని చెప్పేశాను. పెద్ద దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ వేయాల్సిందే, నేను కాదనను. ఇలాంటి చిన్న ప్లాస్టిక్ పనికి మాత్రం సంతకం పెట్టేముందు మీ పాలసీ కాగితం తీసి ఈ లెక్క వేసుకోండి.

సామాను స్టాక్‌లో లేదు. మూడు నుంచి ఐదు రోజుల్లో వస్తుందన్నారు.

ఈలోగా 13వ తేదీ శనివారం పుత్లీబౌలి వైపు స్పేర్ పార్ట్స్ దుకాణాలు తిరిగాను. అదే కవర్ 900కు చూపించారు. చేత్తో పట్టుకుంటే అట్టలా వంగిపోతోంది. మా పాత కవర్ ముక్క ఒకటి వెంట తీసుకెళ్లాను. దాని మీద పెట్టి చూస్తే బోల్టు రంధ్రాలు వేలెడంత పక్కకు ఉన్నాయి. కొనలేదు. క్లిప్పులు మాత్రం పది రూపాయలకు ఒకటి చొప్పున పన్నెండు కొన్నాను, కారులో ఉంచుకోవడానికి.

16వ తేదీ మంగళవారం సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్, పార్ట్ వచ్చిందని. రెండు గంటల పర్మిషన్ తీసుకుని వెళ్లాను. కారు లేపి కవర్ పట్టి చూస్తే సరిపోలేదు. అది డీజిల్ మోడల్ కవర్. మాది పెట్రోల్. కోపం కంటే ఎక్కువగా బాధ వేసింది. నాన్నకు మోకాళ్ల డాక్టర్ దగ్గర ఆ సాయంత్రమే అపాయింట్‌మెంట్, మళ్లీ ఆ కుట్లు వేసిన కవర్‌తోనే పోవాలి. అప్పుడు అడిగితే తెలిసింది, వాళ్లు మోడల్ పేరు, సంవత్సరం చెప్పి ఆర్డర్ పెట్టారట. ఛాసిస్ నంబర్ పెట్టి వెతికితే కచ్చితమైన పార్ట్ నంబర్ వస్తుంది. ఆర్‌సీ ఫోటో ఇచ్చి నా ముందే మళ్లీ ఆర్డర్ పెట్టించాను. మొదటి రోజే ఇలా చేసి ఉంటే ఆరు రోజులు మిగిలేవి.

20వ తేదీ శనివారం సరైనది వచ్చింది. ఇక్కడ ఆ కుర్రాడు మంచి మాట చెప్పాడు. "సార్, 22 నుంచి కారు స్పేర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గుతోంది. తొందర లేకపోతే మంగళవారం రండి, కొత్త రేటు మీద బిల్లు వేస్తాను." పదమూడు రోజులు ఆగినవాణ్ని, మూడు రోజులకు ఏముంది. 4,746 కావాల్సిన సామాను 4,375 అయింది. లేబర్ మీద అంతకుముందు కూడా 18 శాతమే కాబట్టి అందులో మార్పు లేదు. 371 రూపాయలు పెద్ద మొత్తం కాదు, కానీ అతను చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

సెప్టెంబర్ 23, మంగళవారం. బిగించేటప్పుడు పక్కనే నిలబడతానని ముందే అడిగాను, ఒప్పుకున్నారు. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఈ కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి అప్పుడే బయటపడింది.

కవర్‌ను పట్టి ఉంచడానికి మొత్తం పదకొండు చోట్లు ఉన్నాయి. ఆరు బోల్టులు, ఐదు క్లిప్పులు. పాతది దించాక టెక్నీషియన్ టార్చ్ వేసి పైన ఉన్న రంధ్రాలు చూపించాడు. ఆరు రంధ్రాల దగ్గర తాజాగా చిరిగిన గుర్తులు, విరిగిన క్లిప్పు ముక్కలు ఉన్నాయి. మిగతా ఐదింట్లో ఎండి గట్టిపడిన పాత మట్టి నిండి ఉంది, స్క్రూడ్రైవర్‌తో తవ్వితే గానీ రాలేదు. "ఇవి మొన్న పోయినవి కావు సార్. నెలల నుంచి ఖాళీగానే ఉన్నాయి" అన్నాడు. ఆయిల్ మార్చాలంటే ఈ కవర్ దించాలి. జూన్‌లో నేను వేరేచోట సర్వీస్ చేయించాను, ఆయిల్ మార్చారు, బిల్లు కూడా ఉంది. దించినవాళ్లు తిరిగి బిగించేటప్పుడు సగం పెట్టి సగం వదిలేశారు. అంటే మూడు నెలలుగా ఆ పలక ఆరు చోట్ల మాత్రమే నిలిచి ఉంది. నేను ఆ మొరం గట్టునూ, ఆ వరద నీళ్లనూ, నా డ్రైవింగునూ తిట్టుకుంటూ ఉన్నాను. అవి కేవలం చివరి దెబ్బ.

జూన్‌లో చేసిన చోటికి ఫోటోలతో వెళ్లి అడిగాను. మూడు నెలలైంది, మధ్యలో ఎవరు దించారో మాకేం తెలుసు అన్నారు. నా దగ్గర రుజువు లేదు, వాళ్ల మాట పూర్తిగా తప్పని అనలేను. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి వచ్చాను. ఇది రాసేనాటికి జవాబు లేదు. డబ్బు సంగతి పక్కన పెడితే, హైవే మీద లారీల మధ్య అమ్మా నాన్నా ఉన్న కారు కింద ఐదు చోట్ల పట్టే లేదన్న తలపే నాకు రాత్రిళ్లు వస్తోంది.

ఆ రోజే ఇంకో చిన్న సంగతి. ఒక బోల్టు మర పోయింది, ఎంత తిప్పినా పట్టడం లేదు. "పది చాలు సార్, ఊడదు" అన్నాడు టెక్నీషియన్. దయచేసి పదకొండూ ఉండాలి అన్నాను. విసుక్కోకుండా మర మళ్లీ కోసి కొత్త బోల్టు వేశాడు, దానికి విడిగా డబ్బు తీసుకోలేదు. పాత కవర్‌ను అడిగి తెచ్చుకున్నాను. మొత్తం ఖర్చు పంక్చర్ షాపు వంద, కుట్లు 400, విడి క్లిప్పులు 120, సర్వీస్ సెంటర్ 5,775, కలిపి 6,395.

ఇంటికి వస్తుంటే కారు లోపల నిశ్శబ్దంగా ఉంది. రెండు వారాలుగా రోడ్డు హోరుకు అలవాటు పడ్డాను, అది తగ్గాక గానీ ఎంత ఉండేదో తెలియలేదు.

28వ తేదీ ఆదివారం, సద్దుల బతుకమ్మ ఊళ్లోనే ఆడాలని అమ్మ పట్టుబడితే వాళ్లను దింపడానికి బయల్దేరాం. వచ్చిన దారే. పంక్చర్ షాపు రోడ్డుకు అవతలి వైపు పడింది, యూటర్న్ తీసుకుని మరీ వెళ్లాం. పెద్దాయన ముందు నన్ను గుర్తుపట్టలేదు, అమ్మను చూసి గుర్తుపట్టాడు. అమ్మ ఇంటి నుంచి కట్టుకొచ్చిన మలీద ముద్దలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వంగి కొత్త కవర్‌ను వేలితో కొట్టి చూసి "ఇది గట్టిగుంది" అన్నాడు.

కల్వర్టు దగ్గర మొరం ఇంకా అలాగే ఉంది. ఈసారి అమ్మా నాన్నా దిగి నడిచి దాటారు. నేను ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం అంచున పెట్టి నడక వేగంతో దాటించాను. ఏమీ తగల్లేదు. అయినా ఇంటి ముందు ఆపాక పాత గోనెసంచి పరుచుకుని పడుకుని, నాన్న ఫోన్ లైటు పట్టుకుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. పదకొండు ఉన్నాయి.